ట్రాక్టరు ధర తగ్గె, డ్రైవరు నిద్ర మాటేమి?

2025 సెప్టెంబరు 22 నుండి వ్యవసాయ ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. సూళగిరి చుట్టుపట్ల సేద్యగాళ్లకు ఇది మేలైన మాట. అయితే సరిహద్దు పల్లెలలో ఒకే ఇంట అన్న సేద్యం చేయును, తమ్ముడు లారీ తోలును. తమ్ముని లెక్క వేరు.

మహీంద్రా ట్రాక్టర్లు తయారయ్యే జహీరాబాదు నుండి హైదరాబాదు, కర్నూలు, అనంతపురం, బెంగళూరుల మీదుగా సూళగిరికి 700 కిలోమీటర్లకు పైబడిన దారి. గంటకు 45 కిలోమీటర్ల చొప్పున సాగినా 15 గంటలు దాటుతుంది. మోటారు రవాణా కార్మికునికి సాధారణంగా దినానికి 8 గంటల పని అని 1961 నాటి చట్టమే హద్దు పెట్టింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతి సైతం 8 గంటలనే నిలిపింది. అనగా ఇది రెండు దినాల పని. కూలి ట్రిప్పు లెక్కన కట్టినచోట మాత్రం త్వరగా చేరినవానికే లాభం, విడిచినది నిద్ర.

2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయినది. పాత లారీలకు ఆ నియమం లేదు. చల్లని క్యాబిన్ అయినా నిద్రకు బదులు కాజాలదు. కనుక కూలి ఎంత అని అడిగేటప్పుడే ఎన్ని దినాలకు అని కూడా ఇంటివారు అడగవలెను.