పట్టపగటి దీపములు

కడప జిల్లాలో పులివెందుల ప్రాంతమునందలి తుమ్మలపల్లె పేరు నేడు దేశమున చాలమంది యెరుగుదురు. 2007లో అచ్చట యురేనియము గనికి శంకుస్థాపన జరిగినది. 2012లో అది పనిచేయ నారంభించినది. అచ్చటి ఖనిజము అణువిద్యుత్తునకు ఇంధన మగుచున్నది. గని చుట్టుపట్ల గ్రామములవారు తమ బావినీరు చెడినదనియు, అరటితోటలు దెబ్బతినినవనియు ఏండ్లతరబడి మొరపెట్టుకొనుచున్నారు. గనిసంస్థ యా నింద నంగీకరించుట లేదు. అదే జిల్లాలో ముద్దనూరు చెంతనున్న తాపవిద్యుత్ కేంద్రమునకు బొగ్గు దూరదేశమునుండి రైళ్ళపై రావలసియున్నది. విద్యుత్తునకు వెల రూపాయలతో మాత్రమే తీరదని యీ సీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంత వెలగల వస్తువును వృథాచేయువారిలో మొదటివారు ప్రభుత్వ కచేరీలవారే యగుట విచారకరము. అధికారి లేని గదిలో పంకాలు తిరుగుచుండుటయు, ప్రొద్దెక్కిన పిమ్మటను వీధిదీపములు వెలుగుచుండుటయు మన పాఠకు లెరుగని వింతలు గావు. కంచె చేను మేసినచో కాపు ఎవరితో చెప్పుకొనవలయును?

లెక్క చూతము. 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు నూరు పగటివేళ పండ్రెండు గంటలు వెలిగినచో 24 యూనిట్లు వ్యర్థము; నెలకు 720 యూనిట్లు. పాత పంకా 75 వాట్లు తినగా, క్రొత్తరకపు బి.ఎల్.డి.సి. పంకాకు 30 వాట్లు చాలును. పది పంకాలుగల కచేరిలో, దినమునకు ఎనిమిది గంటల చొప్పున నెలకు ఇరువదియైదు పనిదినములలో, 90 యూనిట్లు మిగులును. ఇందు దుస్సాధ్య మేమియు లేదు.

డబ్బు లేదందురా? 2014 అక్టోబరున హుద్‌హుద్ తుఫాను వీధిదీపములను కూలద్రోయగా, విశాఖపట్టణము ఎల్.ఇ.డి. దీపముల నమర్చుకొన్నది. ముందు పెట్టుబడి కేంద్రప్రభుత్వపు ఇ.ఇ.ఎస్.ఎల్. సంస్థ పెట్టి, తగ్గిన ఖర్చునుండి వాయిదాలుగ రాబట్టుకొను ఏర్పాటది. అయినను దీపము మార్చినంతనే పని ముగియదు. మీట నొక్కు బాధ్యత యొకని పేర నుండవలయును.

కట్టడముల సంగతి మరియొకటి. ఎండకు పేరుపడిన మన సీమలో పూర్వులు చవుడుమట్టి కప్పిన మిద్దెలలో చల్లగ నుండిరి. నేటి కచేరీలు సిమెంటు కప్పుల క్రింద కుంపటివలె కాగుచున్నవి. ఆ వేడిమిని పోగొట్టుటకు ఏ.సి. యంత్రములు కావలసివచ్చినవి. కప్పుపై తెల్లని సున్నపు పూత యెండను వెనుకకు మరల్చును. తెలంగాణమువారు 2023లో చల్లని కప్పుల విధానము నేర్పరచి, ప్రభుత్వ భవనములకు దానిని తప్పనిసరి గావించిరి. మన సున్నపు బట్టీల సీమకు ఇది పరాయివిద్య గాదు. 2001 నాటి ఇంధన పొదుపు చట్టము క్రింద వచ్చిన భవన నిబంధనలు పెద్ద కట్టడములకు ఉద్దేశింపబడినవి. చిన్న ఊరి కచేరిని చూచుకొనవలసినది ఊరివారే.

ఇది పొదుపు మాట మాత్రమే గాదు, స్వపరిపాలనపు మాట. 2021లో పంచాయతీల విద్యుత్ బకాయిల క్రింద 15వ ఆర్థికసంఘపు నిధులు జమకట్టబడగా, రాష్ట్రమున సర్పంచులు గగ్గోలు పెట్టిరి. వారి ఆక్షేపణ న్యాయమే. గ్రామపు సొమ్ము గ్రామము నడుగక తీసికొనుట 1992 నాటి రాజ్యాంగ సవరణముయొక్క స్ఫూర్తికి సరిపడదు. కాని తన మీటరు తాను చదువుకొనని పంచాయతీ, ఇతరులు తన పెట్టె తెరచినపుడు ఎంత గట్టిగ వాదింపగలదు?

కావున మేము కోరునది స్వల్పము. ప్రతి కచేరియు తన నెలనెల యూనిట్ల లెక్కను గోడపై వ్రేలాడదీయవలెను. గ్రామసభలో బిల్లు చదివి వినిపింపవలెను. పాత దీపములు, పంకాలు చెడినకొలది మేలురకమువానితో మార్చవలెను. రానున్న వేసవికి ముందే కప్పులకు సున్నము పూయవలెను. పఠనమందిరములలో నీ పత్రికను చదువు పెద్దలు తమ ఊరి కచేరికి ఒకసారి మధ్యాహ్నమున పోయి, ఎన్ని దీపములు వెలుగుచున్నవో లెక్కించి, అడుగుదురుగాక. అడుగువారున్న చోటనే అధికారికి మీట కానవచ్చును.