సిగ్నల్ దీపం బాగానే ఉంది... మూడో వైరు ఏదీ?

"వదినా, మీ హాల్లోకి కొత్త చుట్టాన్ని తెచ్చాను" అంటూ మా మరిది కిందటి నెల ఆటోలోంచి ఒక గోనెమూట దింపాడు. విప్పి చూద్దును కదా, ట్రాఫిక్ సిగ్నల్! ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అద్దాలు, వాటి మీద టోపీల్లా రేకు గొడుగులు. ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లో కొన్నాడట. "ఇకనుంచి ఇంట్లో కూడా ఆగి ఆగి నడవాలా ఏమిట్రా?" అన్నారు మా అత్తయ్యగారు.

ఒకప్పుడు అమ్మమ్మల నాటి గంగాళాలు, ఇత్తడి బిందెలు హాల్లోకి వచ్చి పూలకుండీలయ్యాయి. ఇప్పుడు వీధి సామాను వంతు వచ్చింది. కూడళ్లలో ఎల్‌ఈడీ దీపాలు వచ్చాక బల్బుల సిగ్నళ్లు పాత ఇనుము కిందికి పోయాయి మరి. అయితే కొనేవాళ్లు రసీదు అడిగి తీసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం దొంగసొత్తని తెలిసి కొంటే మూడేళ్ల దాకా జైలు. మా మరిది రసీదు తెచ్చాడు, ఆ మాటకొస్తే.

దీన్ని వెలిగించడం పెద్ద విద్యేమీ కాదని అప్పుడే తెలిసింది. మూడు బల్బులకీ మూడు ఫేజు వైర్లు, అందరికీ కలిపి ఒకటే న్యూట్రల్. రోడ్డు మీదైతే ఏది ఎప్పుడు వెలగాలో మూల నున్న పెట్టె చూసుకుంటుంది. ఇంట్లో దాని బదులు మూడు స్విచ్చులు చాలు. లోపల మర హోల్డర్లున్నాయి. వాటిలో ఫేజు అడుగున ఉన్న బొడిపెకే వెళ్లాలి, చుట్టూ ఉన్న మరకు కాదు. తారుమారైతే బల్బు మార్చేటప్పుడు వేళ్లకి తగిలేది ఆ మరే! పాత బల్బులు తీసేసి చిన్న ఎల్‌ఈడీలు పెట్టించాం. తెలిసిన కుర్రాడొకడు వచ్చి అరగంటలో బిగించి వెళ్లాడు. సాయంత్రం ఆకుపచ్చ దీపం వెలిగితే పిల్లలు చప్పట్లు కొట్టారు.

నాలుగో రోజు తడిగుడ్డతో దాని దుమ్ము తుడుస్తుంటే మోచేతి దాకా జివ్వుమంది. గుడ్డ విసిరికొట్టి గోడకి ఆనుకుని నిలబడిపోయాను. మా వారు వేరే ఎలక్ట్రీషియన్ని పిలిపించారు. పెద్దాయన. టెస్టర్ పెట్టగానే రేకు మీద లైటు వెలిగింది. లోపల ఒక వైరు తొడుగు అంచుకి రాసుకుని చిట్లింది. పైగా ఆ కుర్రాడు వేసింది రెండు వైర్ల తీగ. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టాడు కానీ పై పిన్ను ఖాళీ! "పోనీ ఇప్పుడు మూడో వైరు వేసెయ్యండి" అన్నాను. ఆయన గోడలోని సాకెట్టు కూడా విప్పి చూపించాడు. "దేనికి కలపమంటారమ్మా? అసలు మీ ఇంటికే ఎర్త్ లేదు."

వినగానే సిగ్నల్ సంగతి మర్చిపోయాను. ఫ్రిజ్, గ్రైండరు, గీజరు, వాషింగ్ మెషీను... రోజూ తడిచేత్తో నేను ముట్టుకునే వస్తువులన్నీ కళ్లముందు తిరిగాయి. పెరట్లో బట్టలుతికే బండ పక్కన ఎర్త్ గొయ్యి ఉందట. దాని తీగ ఎప్పుడో తుప్పుపట్టి తెగిపోయిందట.

ఎర్త్ చేసే పని చిన్నదే. ఫేజు వైరు పొరపాటున ఇనప ఒంటికి తగిలితే ఆ కరెంటు ఒక్కసారిగా నేలలోకి పోయేలా దారి ఇస్తుంది, వెంటనే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఆ దారి లేకపోతే కరెంటు అక్కడే కాచుకుని ఉంటుంది, ఎవరో చెయ్యి పెట్టేదాకా. "మా ఇంట్లో ఎంసీబీ ఉందండీ" అంటారు చాలామంది. అది వైర్లు కాలిపోకుండా కాపాడేది. పది, పదహారు ఆంపియర్లకు పడిపోయే ఆ స్విచ్చుకి మన ఒంట్లోంచి పోయే కరెంటు లెక్కలోకే రాదు. దానికి వేరే ఉంది, ఆర్‌సీసీబీ అని. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సరిచూసుకుంటూ, 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే చాలు, క్షణంలోపే ఆపేస్తుంది. దాని మీద ‘టి’ అని చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే ఇంట్లో కరెంటు పోవాలి. పోలేదంటే అది పనిచెయ్యడం లేదన్నమాట.

ఓనరుగారికి ఫోన్ చేస్తే, "ఇన్నేళ్లూ ఏం కాలేదుగా, మీరే ఏదో పిచ్చి దీపం పెట్టుకున్నారు" అన్నారు. మొదటి తప్పు మాదే, ఒప్పుకుంటాను. కానీ ఆ దీపమే రాకపోతే ఇదే జివ్వుమనడం ఏ గీజరు దగ్గరో అయ్యేది కదా! అయినా ఆయన్ననేముంది? అద్దె ఇల్లు చూసేటప్పుడు కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయి, వంటిల్లు ఆగ్నేయంలో ఉందా అని అడిగాను గానీ, ఎర్త్ ఉందా అని నేనూ అడగలేదు. సొంతిల్లు కట్టుకునే వాళ్లిళ్లలోనూ గ్రానైటు రంగు మనల్ని అడుగుతారు. వైరింగు మాట మేస్త్రీకీ మగవాళ్లకీ మధ్యే అయిపోతుంది.

దేశంలో కరెంటు షాక్‌తో చనిపోతున్నవాళ్లు ఏటా 10,000 మందికి పైనే. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి అయిదుగురు పోయారు. అంతకుముందు మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఇల్లు అంటుకుని 17 మంది పోయినప్పుడు షార్ట్ సర్క్యూటే కారణం కావచ్చని మొదట చెప్పారు. అంత పెద్దవైతే మంత్రులొస్తారు, పరిహారం ప్రకటిస్తారు. మోటారు వేస్తూనో, దండెం మీద బట్టలు తీస్తూనో పోయిన మనిషికి జిల్లా పేజీలో నాలుగు లైన్లు. ఎర్త్ ఉందా లేదా అని ఇంటింటికీ వచ్చి చూసేవాళ్లెవరు? కనెక్షన్ ఇచ్చేటప్పుడు చూసింది ఇరవయ్యేళ్ల తర్వాత పనికొస్తుందా?

మా మరిది నన్ను ఊరడించడానికో కబురు చెప్పాడు. 1868లో లండన్ పార్లమెంటు దగ్గర పెట్టిన మొట్టమొదటి సిగ్నల్ గ్యాస్ దీపంతో నడిచేదట. నెల తిరక్కుండానే అది పేలి, తిప్పే పోలీసుకి గాయాలయ్యాయట. "చూశావా వదినా, పుట్టుకే అలాంటిది!" అన్నాడు.

నాలుగుసార్లు ఫోన్ చేశాక ఓనరుగారు గొయ్యి ఖర్చు తనదనీ, ఆర్‌సీసీబీ మాదనీ ఒప్పుకున్నారు. గురువారం తవ్వుతారు. ఉప్పు, బొగ్గు తెప్పించి ఉంచాను. వేసవిలో రోజూ బకెట్ నీళ్లు పోయడానికి పైపు కూడా పెట్టించమన్నాను. సిగ్నల్ ప్రస్తుతానికి ప్లగ్గు తీసి మూల నిలబెట్టి ఉంది. దాని గొడుగులకి అత్తయ్యగారు కళ్లజోడు తగిలిస్తున్నారు.