సెక్యూరిటీ

ఆంగ్లభాషనుండి మనకు వచ్చిన మాటలలో రైలు, పోస్టు, స్కూలు మొదలగునవి తాము దెచ్చిన వస్తువులతో గూడ వచ్చి, ఏ కలతయు గలిగింపక మన యింటి మాటలైనవి. వానితో మాకు పేచీ లేదు. కాని యొక మాట యున్నది. అది యే వస్తువునకును పేరు కాదు, ఏ మనుష్యునకును పేరు కాదు. అయినను నేడు మేడ్చలు మొదలుకొని శామీరుపేట వఱకు ఏ కాలనీ ద్వారముకడ నిలిచినను గడియకొక పర్యాయము చెవినిబడుచుండును. అది "సెక్యూరిటీ". బ్యాంకులో కుదువబెట్టిన బంగారము సెక్యూరిటీ. అద్దె యింటికి ముందుగా గట్టిన సొమ్ము సెక్యూరిటీ. విపణిలో చేతులు మాఱు ఋణపత్రములు సెక్యూరిటీలు. సర్కారు కొలువునందలి యాకర్షణ సెక్యూరిటీ. మంత్రిగారి వెనుక తుపాకులతో నడచువారు సెక్యూరిటీ. ద్వారముకడ ప్లాస్టిక్కు కుర్చీలో రాత్రియంతయు గూర్చుండు ముసలివాడును సెక్యూరిటీయే. ఇన్ని యర్థములుగల మాటను ఏయర్థమున వాడుచున్నామో యోచింపక వాడినచో, క్రమముగా మన యోచనను ఆ మాటయే నడుపును. అది మనచేత నేమేమి చేయించుచున్నదో చూపుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

మొదట మాట పుట్టుక చూతము. లాటినుభాషలో "సె" యనగా ఎడబాసి, లేక; "కూరా" యనగా చింత, శ్రద్ధ. ఈ రెండును గలసి చింత లేకుండుట యను నర్థము నిచ్చినవి. పని లేక జీతము మాత్రము గల కొలువునకు ఆంగ్లేయులు "సైనెక్యూర్" అందురు. అదియు నీ "కూరా" సంతతియే. షేక్స్పియరు కాలమున సెక్యూరిటీ యన్నచో ఏమఱుపాటు అను నర్థము గూడ వాడుకలో నుండెను. మేక్బెత్ నాటకమున నా యర్థమే కానవచ్చును. కావున ఈ మాటకు మూలార్థము రక్షణ కాదు, నిశ్చింత. నిశ్చింతకు రెండు త్రోవలు గలవు. చింతకు గల కారణమును తొలగించుట యొకటి. కారణము నట్లే యుంచి, చింతను మాత్రము కూలికి మఱియొకని తలమీద బెట్టుట రెండవది. మనము రెండవ త్రోవను బట్టి, దానికి మొదటిదాని గౌరవము నిచ్చుచున్నాము. మా వాదమంతయు నింతే.

మన భాషలో నీ పనికి మాటలు లేక కాదు. "కాచు" అను నొక్క ధాతువునుండియే కావలి, కాపు, కాపరి, కాపాడుట పుట్టినవి. పైరునకు మంచెమీద వడిసెలతో నిలుచువాడు కావలివాడు, మందకు కాపరి, ఊరికి తలారి, చెఱువు తూము తెఱచి యే మడికెంత నీరో చూచి విడుచువాడు నీరటికాడు. ఈ మాటలలో నేది పలికినను "దేనికి, ఎవరి కొఱకు" అను ప్రశ్నకు సమాధానము దానితోనే వచ్చును. కావలి తప్పినవానిని నిందించుటకు "కంచె చేను మేసినట్లు" అను సామెతయు మనకు గలదు. సెక్యూరిటీ యను మాటకు అట్టి చేను లేదు. అందుచేత దానిని నిందించు సామెతయు నింతవఱకు పుట్టలేదు.

పాత కాలము పుణ్యకాలమని మేమనుట లేదు. నిజాము రాజ్యమున తలారి, నీరటికాడు మొదలగు గ్రామసేవకులు పెక్కుచోట్ల అంటరానివారుగా నెంచబడి, ఊరిని గాచియు నూరి వెలుపలనే కాపురముండిరి. వారు చేసినది చాలవఱకు వెట్టి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదలైన ఆంధ్రమహాసభ తరువాతి కాలమున ఆ వెట్టిపై పోరాడినది న్యాయమే. కాని వెట్టి పోవలెనని కోరినవారు కావలివానికి పేరును, కూలియు, గౌరవమును రావలెనని కోరిరి గాని, అతని పేరు తీసివేసి యొక పరదేశపు భావవాచకమును తగిలింపవలెనని కోరలేదు.

రక్షణను వెలకు గొన్నచో నేమగునో మన చరిత్రకంటె బాగుగా జెప్పు గురువు లేడు. 1798లో నిజాము అలీఖాను ఈస్టిండియా కంపెనీతో సంధి చేసికొని, కంపెనీ సైన్యమును తన రక్షణకై యుంచుకొని, దానికి వ్యయము భరించుట కొప్పుకొనెను. రెండేండ్లు తిరిగిన పిమ్మట, 1800లో, ఆ వ్యయమునకై బళ్లారి, కడప మొదలగు సీమలను కంపెనీకి విడిచిపెట్టవలసివచ్చెను. అవియే దత్తమండలములు. పిదప హైదరాబాదు కంటింజెంటు అను మఱియొక సైన్యము పెరిగినది. దాని జీతముల బాకీ క్రింద 1853లో బీరారు పోయినది. 1902లో నది సాలుకు 25 లక్షల రూపాయలకు శాశ్వతమగు కౌలుగా మాఱినది. ఆ కంటింజెంటు దిగియుండిన బొల్లారము సికిందరాబాదునుండి మేడ్చలునకు బోవు రైలుదారిలోనే యున్నది. రక్షకులు వచ్చిరి, దండు వెలసినది, నేల పోయినది. అందు సెక్యూరిటీ యను మాటకుగల రెండర్థములును నొక్కచోట గలిసినవి: కాపలా యొకటి, తాకట్టు రెండవది. కాపలా మనకు, తాకట్టు వారికి.

తరువాత నీ మాట కాగితము మీదికి వచ్చినది. 1910 నాటి ముద్రణాలయముల చట్టము క్రింద అచ్చుకూటమువారు సర్కారువారి యొద్ద సెక్యూరిటీ సొమ్ము గట్టవలసియుండెను. వ్రాత నచ్చకున్న నా సొమ్ము జప్తు. స్వతంత్రము వచ్చిన పిమ్మటను మాట మాఱలేదు. 1971 నాటి ఆంతరంగిక భద్రతా చట్టము, "మీసా", పేరునకు భద్రతయే. 1975లో అత్యయిక పరిస్థితి వచ్చినప్పుడు విచారణ లేక జనులను చెఱలలో నుంచుటకు నదియే సాధనమైనది. ఎవరి భద్రత, ఎవరినుండి, ఎవరి వెలకు అను మూడు ప్రశ్నలు లేక ఈ మాటను నమ్మరాదని యివి తెలుపుచున్నవి.

ఇక నేటి మేడ్చలు, శామీరుపేటలకు వత్తము. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరువడిన యీ నేలమీద నిప్పుడు 158 కిలోమీటర్ల వెలుపలి వలయరహదారి సాగుచున్నది. నాగపురము దారియు, కరీంనగరము దారియు దానిని దాటుచోట్ల గోడలు లేచినవి. గోడ వెంట ద్వారము, ద్వారము వెంట కుర్చీ, కుర్చీలో "సెక్యూరిటీ". అతడు తఱచుగా దూరపు జిల్లానుండియో, ఒడిస్సా, బీహారులనుండియో వచ్చినవాడు. సొంత యింటికి తాళము వేసికొని మన యింటికి కాపలా యున్నవాడు. పండ్రెండు గంటల కాపలా యీ వృత్తిలో వింత కాదు. మాఱువాడు రాని నాడు అది యిరువదినాలుగు గంటలగును. నీలిచొక్కా యిచ్చినవారు చలికి కంబళి యిచ్చిరో లేదో ఎవ్వరు నడుగరు. మన పిల్లలు సైతము "సెక్యూరిటీ, గేటు తీయి" అందురు. పాలు తెచ్చువానిని పెద్దయ్య యనియు, ఇల్లూడ్చునామెను అక్క యనియు బిలువ నేర్పిన తల్లులే యీ యొక్కనిని వరుస లేక, పేరు లేక పిలుచుట కెట్లోర్చుచున్నారు? నిజమునకు ఆ ద్వారముకడ నున్నవారిలో సెక్యూరిటీ లేనివా డతడొక్కడే. ఉద్యోగము రేపుండునో లేదో తెలియదు. జబ్బుచేసిన జీతము తెగును. దొంగతనమైన మొదటి యనుమానము నతనిమీదనే.

చట్టము లేక కాదు. 2005లో ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టము వచ్చినది. అనుమతిపత్రము లేక సంస్థ నడుపరాదు. 18 ఏండ్లు నిండనివానిని, 65 ఏండ్లు నిండినవానిని కావలికి బెట్టరాదు. శిక్షణ లేక నియమింపరాదు. 1948 నాటి కార్మిక రాజ్యబీమా చట్టము, 1952 నాటి భవిష్యనిధి చట్టము మన విద్యావంతు లెఱుగనివి కావు. తమ జీతపు చీటీలో ఆ పద్దులు చూచుకొనువారే. ఆ చూపు ద్వారమువఱకు సాగకపోవుటయే మా యాక్షేపణము. "అది ఏజెన్సీవాడు చూచుకొనును" అందురు. ఏజెన్సీకి తక్కువ సొమ్మునకు గుత్త యిచ్చినది నెలనెలా సభచేయు మన సంఘమే గదా!

కొందఱు పెద్దమనుష్యు లిట్లు వాదింపవచ్చును: "దొంగలు నిజము, దోపిడులు నిజము. గోడ వలదందురా?" వలదనము. తలుపున కర్గళ ముండవలె ననుట వివేకమే. కాని గోడ యున్నంత మాత్రమున లోనివారి కర్తవ్యము తీఱిన దనుకొనుటను మేము నిరసించుచున్నాము. వెలుపలి దారిలో దీపము లేదు; పల్లెబడికి గురువులు చాలరు; చుట్టు పనిలేని యువకులు గుంపులుగా నున్నారు. ఇవి చింతకు గల కారణములు. వీనికి పైసా యీయనివారు కెమెరాలకు వేలిత్తురు. కెమెరా దొంగను చూచును. అతడు దొంగ యగుటను చూడదు.

గృహిణులు, గృహస్థులు ముఖ్యముగా యోచింపవలసినది మఱియొకటి. ఈ మాట మన యాడుబిడ్డల మీద మెల్లగా వల పన్నుచున్నది. మనుస్మృతి నవమాధ్యాయమున స్త్రీని బాల్యమున తండ్రియు, యౌవనమున భర్తయు, వార్ధకమున కుమారుడును రక్షింపవలెనని చెప్పి, ఆమె స్వాతంత్ర్యమున కర్హురాలు కాదని ముగించిన మాటను మనమందఱము నిరసించితిమి. నేడా మాటనే ఆంగ్లమున జెప్పినచో తల యూచుచున్నాము. "కాలేజీ దూరము, సెక్యూరిటీ లేదు, చదువు మాన్పించితిమి" అని తండ్రులు మాతో పలుమాఱు చెప్పియున్నారు. హాస్టలున మగపిల్లలకు రాత్రి పదింటికి, ఆడుపిల్లలకు చీకటి పడకమున్నే తాళము. దారిలో దుండగీడున్నచో దారిని బాగుచేయవలెను గాని, దారి నడచు పిల్లకు తాళము వేయుట యే ధర్మశాస్త్రము? చదువు తెగిన పిల్ల పెండ్లి మొదలు ముసలితన మువఱకు మఱియొకరి సంపాదనకు తాకట్టుపడియుండును. అంతకంటె నరక్షణ లేదు. ఆమెకు నిజమైన సెక్యూరిటీ చేతిలోని విద్యయు, తన పేర నున్న సంపాదనయు.

రామాయణము ఉత్తరకాండమున నొక కథ గలదు. బ్రహ్మ నీటిని సృజించి, దానిని గాచుటకు ప్రాణులను బుట్టించెనట. కాపాడెదమన్నవారు రాక్షసులైరి; పూజించెదమన్నవారు యక్షులైరి. రక్షణకును రాక్షసత్వమునకును ధాతు వొక్కటియే యని పూర్వులు కనిపెట్టిన విధమిది. అదియు నీటి విషయముననే కనిపెట్టుట గమనింపదగినది. శామీరుపేట పెద్దచెఱువు గట్టుమీద నిలిచినచో నీ కథ జ్ఞప్తికి వచ్చును. ఆదివారము నాడు దానిని జూచి మురిసి, తిన్న విస్తరులును, త్రాగిన సీసాలును గట్టునబడవైచి పోవు యక్షులకు కొదవ లేదు. ఇండ్లకందఱికిని సెక్యూరిటీ గలదు. నగరపు చుట్టుపట్ల నెన్ని చెఱువులకు నీరటికాడు గలడు? చెఱువుల శిఖములు ప్లాట్లగుచున్నప్పుడు మన యేమఱుపాటు రాజ్యమేలినది. 2024 జూలైలో "హైడ్రా" యను సంస్థను సర్కారువారు నెలకొల్పిరి; దాని పూర్తి పేరులో విపత్తుల యెదుర్కోలుతో పాటు ఆస్తుల రక్షణయు నున్నది. చెఱువు అందఱి యాస్తి యని యొప్పుకొనుట మంచిదే. కాని సంస్థ కావలి కాజాలదు. గట్టున తిరుగు మనుష్యుడు, తూము నెఱిగిన మనుష్యుడు, ఊరికి జవాబుదారియగు మనుష్యుడు వలయును.

రక్షణ యెట్టిదై యుండవలెనో నేర్చుకొనుట కెంతో దూరము పోనక్కఱలేదు. శామీరుపేట చేరువ తుర్కపల్లి యొద్ద జీనోమువ్యాలీ యున్నది. 2021 జనవరిలో అనుమతి పొందిన కోవాక్సిను టీకాను దయచేసిన భారత్ బయోటెక్కు సంస్థ అక్కడిదే. 2020 మార్చిలో మహమ్మారికి వెఱచి మన కాలనీలు పనిమనిషికి, పాలవానికి ద్వారములు మూసినవి. కాని యా జబ్బు ఈ దేశమునకు మొదట వచ్చినది విమానములలో. ద్వారముకడి కావలివానికి మాత్రము సెలవు లేదు. గోడ యిచ్చు రక్షణ మన యింటితో నాగును. టీకా తీరు వేఱు: మనము వేసికొనిన టీకా ప్రక్కవానికిని కొంత మేలు చేయును; ప్రక్కవాడును వేసికొనినచో మన మేలు హెచ్చును. పంచుకొన్నకొలది పెరుగునదే రక్షణ. పంచుకొనుటకు వెఱచునది భయమే.

ఈ మాటకు మేలైన యర్థములును గలవు. 1935లో అమెరికావారు వృద్ధులకు పింఛను, పనిలేనివారికి భృతి యేర్పఱచిన చట్టమునకు "సోషల్ సెక్యూరిటీ" యని పేరిడిరి. 2013లో మనదేశమున ఆహారభద్రతా చట్టము వచ్చినది. ఈ రెంటను చింత యొకని తలనుండి మఱియొకని తలకు దొర్లలేదు. అందఱును గలిసి దానిని తేలిక చేసికొనిరి. మాటను బహిష్కరింపుడని మేము గోరము. ఈ యర్థమున వాడుడని కోరుచున్నాము.

కావున చదువరులకు మా మనవి యిది. వచ్చు నెల సంఘసభలో కెమెరాల పద్దునకు ముందు కావలివారి పద్దు చదివింపుడు. వారి గంటలెన్ని, వారికి జీతము చేతికెంత వచ్చుచున్నది, భవిష్యనిధి కట్టుచున్నారా, వానకు తలదాచుకొను చోటున్నదా యని యడుగుడు. సమాధానములను చిట్టాలో వ్రాయింపుడు. పండ్రెండు గంటల కాపలాను ఎనిమిదికి దింపి, మూడవవానిని పెట్టుటకు ఇంటి కెంత పడునో లెక్క గట్టుడు. ఆ లెక్క మీరు వెఱచునంత పెద్దది కాదు. మీ కూతురును చీకటి పడకమున్నే లోనికి బిలుచుటకు ముందు, వీథిదీపమునకై పురపాలకసంఘమునకు మహజరు వ్రాయుడు. పిల్లలకు ద్వారముకడి మనుష్యుని పేరు నేర్పుడు. పేరుగల మనుష్యునిచేత వెట్టి చేయించుట కష్టము. ఆ కష్టము మన కందఱికిని గలుగవలెనని మా కోరిక.