ఏం కొలుస్తారో, ఎందరిలో కొలుస్తారో ముందే చెప్పండి

హిందూపురంలో స్టాటిస్టిక్స్ పాఠం చెప్పిన రోజుల్లో నేను పిల్లల ముందు మొదట పెట్టిన అంకెలు మదనపల్లెవి. మా ప్రాంతపు పెద్దవాళ్లకు క్షయ అనగానే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం గుర్తొస్తుంది. అక్కడ పనిచేసిన డేనిష్ వైద్యుడు జె. ఫ్రిమొట్-మోలర్, బీసీజీ టీకా క్షయను ఎంతవరకు ఆపుతుందో తేల్చడానికి 1950లలో చుట్టుపక్కల పల్లెల్లో పరీక్ష పెట్టారు. 1973లో అచ్చయిన లెక్క ఇది: టీకా వేసిన 5,069 మందిలో 33 మందికి క్షయ వచ్చింది, వేయని 5,808 మందిలో 47 మందికి వచ్చింది. ఎన్నో అధ్యయనాల ఫలితాలను కలిపి తూచే పద్ధతి నేర్పే పాఠాల్లో ఈ అంకెలు నేటికీ ఉన్నాయి.

వెయ్యికి ఎనిమిది ఉన్నది ఆరున్నరకు దిగింది, అంటే ఐదో వంతు తగ్గింది. మరి టీకా పనిచేసినట్టేనా? ఔనని చెప్పలేం, కాదనీ చెప్పలేం. ఆ 33, 47ల మీద లెక్క కడితే, టీకా జబ్బును దాదాపు సగానికి తగ్గించి ఉండొచ్చు, అసలు ఏమీ చేయకపోయీ ఉండొచ్చు. వెయ్యికి ఎనిమిది మందికి మాత్రమే వచ్చే జబ్బులో ఐదో వంతు తగ్గుదలను నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో వైపు 40 వేలకు పైగా మనుషులు కావాలి. సగానికి సగం తగ్గుతుందనుకుంటే ఆరు వేల మంది చాలు. ఎంత తేడా కోసం వెతుకుతున్నామో ముందు అనుకుంటేనే ఎంతమంది కావాలో తెలుస్తుంది. మదనపల్లెలో ఒకరు విడిచి ఒకరికి టీకా వేశారు, చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా కాదు. అది ఇంకో బలహీనత. అయినా ఆ కాలంలో పల్లె పల్లెకూ తిరిగి అన్నేళ్లు మనుషుల్ని వెంబడించి చూసిన ఆ శ్రమకు నేను చేతులెత్తి మొక్కుతాను.

1968లో చెంగల్పట్టులో మొదలైన పరీక్ష ఈ ప్రశ్నను పెద్ద ఎత్తున అడిగింది. రెండు వైపులా 88 వేలకు పైగా మనుషులు. టీకా వైపు 505 మందికి క్షయ, రెండో వైపు 499 మందికి. పెద్దల్లో ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని అంత గట్టిగా చెప్పగలిగామంటే ఆ సంఖ్య వల్లే.

ఏం కొలుస్తారో ముందే రాసుకోవడం ఎలా ఉంటుందో మన హైదరాబాదులో తయారైన కోవిడ్ టీకా కోవాగ్జిన్‌లో చూడండి. మూడో దశలో 25,798 మంది. రెండో డోసు పడ్డ 14 రోజుల తర్వాత లక్షణాలతో, పరీక్షలో తేలిన కోవిడ్ వస్తేనే లెక్కలోకి వస్తుంది, అలాంటివి 130 చేరాక చివరి లెక్క తీస్తాం అని ముందే రాసుకున్నారు. టీకా వైపు 24, రెండో వైపు 106 వచ్చాయి. 77.8 శాతం రక్షణ అని తేలింది. ఈ ప్రణాళిక పద్ధతైనది. కానీ ఆ లెక్క తేలకముందే, 2021 జనవరి 3న, అనుమతి ఇచ్చేశారు. మహమ్మారి ముంచుకొస్తున్న మాట నిజమే. అయినా ఫలితానికి గీత గీసుకుని, గీత దాకా ఆగకపోవడం తప్పు అని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ముందే గీత గీసుకోవాలన్న విషయం పెనుకొండ వైపు రైతులకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. శెనక్కాయ దిగుబడిని అధికారులు తేల్చేటప్పుడు ఏ సర్వే నంబరు, అందులో ఏ చదరం కోయాలో యాదృచ్ఛిక సంఖ్యలు ముందే తేలుస్తాయి. చేను చూశాక, ఎండిన మూలో పచ్చటి మూలో ఏరుకుని కోస్తే ఆ దిగుబడి ఎవరూ నమ్మరు. మందు పరీక్షలో జరిగే మోసం చాలాసార్లు ఇలాంటిదే: రక్తపోటు చూస్తామని మొదలుపెడతారు, అది తగ్గకపోతే నిద్ర బాగుపడిందని ప్రకటిస్తారు. ఏ గుణమూ లేని మందుకు ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 కొలతలు పెట్టి చూస్తే, కనీసం ఒకదాంట్లో ‘పనిచేసింది’ అని కనబడే అవకాశం 64 శాతం. అందుకే ప్రధాన ఫలితం ఒక్కటే ఉండాలి, అది తొలి రోగి చేరకముందే కాగితం మీద ఉండాలి.

అయితే ఆ ఒక్కటి ఎవరి కోసం ఎంచుకున్నది? ధర్మవరంలో మగ్గం నేసే మిత్రుడొకాయనకు షుగరు. బెంగళూరులో ఒక ఆస్పత్రి వాళ్లు కొత్త మందు పరీక్షలో చేరమని ఇంగ్లిషు కాగితాల కట్ట ఇచ్చి పంపితే నా దగ్గరికి తెచ్చాడు. ఆరు నెలల్లో రక్తంలో మూడు నెలల సగటు చక్కెర ఎంత తగ్గుతుందో చూడటమే అందులో ప్రధాన ఫలితం. ఆయన అడిగింది ఒక్కటే: “కండ్లు నిలుస్తాయా సార్? జరీ పోగు కనపడకపోతే నేను మగ్గం దిగాల్సిందే.” దానికి ఆ పరీక్షలో జవాబు లేదు, వెతకనూ లేదు. చూపు పోకుండా ఆపుతుందో లేదో తేల్చాలంటే ఏళ్లు పడుతుంది, వేలమంది కావాలి, ఖర్చు పెరుగుతుంది. చక్కెర కొలవడం చవక. ఆ పరీక్ష చెడ్డదని నేననను. తన కళ్ల గురించి అది ఏమీ చెప్పదన్న మాట తన భాషలో ఆయనకు తెలియాలి, అంతే. రోగికి అర్థమయ్యే భాషలో చెప్పి సమ్మతి తీసుకోవాలని నిబంధనలే చెబుతున్నాయి.

2009 జూన్ 15 నుంచి మన దేశంలో ప్రతి మందు పరీక్షనూ ముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ప్రధాన ఫలితం, ఎంతమందిని చేర్చుకుంటారు అన్న రెండూ అందులో ఉంటాయి, ఎవరైనా డబ్బు కట్టకుండా చూడొచ్చు. కానీ అదంతా ఇంగ్లిషులోనే. ఆ రెండు గడులైనా తెలుగులో ఉండాలి, సమ్మతి పత్రం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో అచ్చు కావాలి. ఆ పని భారత వైద్య పరిశోధన మండలి చేయాలి. పత్రికల వాళ్లకూ ఒక మనవి: ‘కొత్త మందుతో అద్భుతం’ అని శీర్షిక పెట్టే ముందు ఆ రెండు గడులు తెరిచి చూడండి.