సోయాపై పుకార్లు: వర్తకులు తొందరపడరాదు

(మా వాణిజ్య విలేకరి)

భీమునిపట్నం: సోయా తింటే మగవారిలో ఆడ హార్మోన్లు పెరుగుతాయనీ, థైరాయిడ్ వస్తుందనీ కిరాణా కొట్ల వద్ద తరచు వినవస్తున్నది. మరొక ప్రక్క అదే సోయా గుండెజబ్బుకు మందని చెప్పి సరుకు అమ్మజూపేవారూ ఉన్నారు. ఈ రెండు మాటలూ వర్తకానికి చేటే.

ముందు సరుకు సంగతి చూద్దాము. సోయా గింజలో మాంసకృత్తులు సుమారు 40 శాతం, నూనె 20 శాతం లోపు. నూనె తీయగా మిగిలిన పిండిలో అధికభాగం కోళ్ల దాణాకు పోతుంది. కొంత మీల్‌మేకర్‌గా వంటింటికి చేరుతుంది. నువ్వులకు తెలగపిండి ఎటువంటిదో సోయాకు ఇది అటువంటిది. వివాదానికి మూలమైన ఐసోఫ్లావోన్లు పిండిలోనే నిలుస్తాయి. శుద్ధిచేసిన నూనెలో దాదాపు ఉండవు. కనుక అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుండి వచ్చే నూనెకు ఈ పుకారు అంటగట్టడం అర్థరహితం.

ఐసోఫ్లావోన్లు ఈస్ట్రోజెన్ హార్మోనును పోలి ఉన్నా వాటి బలం చాలా తక్కువ. మగవారి హార్మోన్లపై వాటి ప్రభావం కనిపించలేదని అనేక పరిశోధనలను కలిపి చూసిన 2021 నాటి సమీక్ష తేల్చింది. అయొడిన్ చాలినంత అందేవారికి థైరాయిడ్ భయమూ లేదు. అయితే థైరాయిడ్ మాత్రలు వేసుకొనేవారు సోయాకూ మాత్రకూ మధ్య వ్యవధి ఉంచాలి. మాత్ర ఒంటికి సరిగా పట్టదు. సోయా పడనివారు తినరాదు. పచ్చి గింజలో జీర్ణానికి అడ్డుపడే పదార్థాలుంటాయి, బాగా ఉడికిస్తే అవి చాలవరకు నశిస్తాయి.

ఇక మందు మాట. రోజుకు 25 గ్రాముల సోయా మాంసకృత్తులు గుండెకు మేలని చెప్పుకొనేందుకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1999లో అనుమతించింది. ఆధారాలు నిలకడగా లేవంటూ ఆ అనుమతిని రద్దు చేయాలని 2017లో అదే సంస్థ ప్రతిపాదించింది. అమెరికాలోనే తేలని మాటను మన కొట్టు గుమ్మానికి బోర్డుగా కట్టడం వివేకం కాదు.

సోయా ధరను నడిపేవి ఇండోర్ మార్కెట్టు, దాణా గిరాకీ, దిగుమతి సుంకాలు. పుకారు విని ఉన్న సరుకును తెగనమ్ముకొన్నవాడు నష్టపోవును; మందని చెప్పి అమ్మినవాడు ఖాతాదారును పోగొట్టుకొనును. సోయాను పప్పుదినుసుల వలె ఆహారంగా అమ్మడమే మేలు. గిరాకీ దానంతట అదే నిలుస్తుంది.