రెండో భాగం ఎవరి రెక్కల కష్టం?

హత్యల పరంపరతో సాగే భయానక చిత్రానికి రెండో భాగం తీయడమంటే మొదటి భాగానికి వచ్చిన పేరును మరోసారి సొమ్ము చేసుకోవడమే తప్ప అందులో సృజన ఏమీ ఉండదనీ, అటువంటి చిత్రాన్ని కథానాయకుడి పేరూ హంతకుడి ముసుగూ నడిపించుకుపోతాయి గనుక మిగిలినవాళ్లు ఎవరైనా ఒకటేననీ తెలుగు సినీ విమర్శలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఇది రెండు విధాలా తప్పు. తెలిసిన కథను మళ్లీ చెప్పడం సులువన్న నమ్మకం ఒక తప్పయితే, ఆ పని చేసేవాళ్లెవరో తెలుసుకోనక్కరలేదనుకోవడం అంతకంటే పెద్ద తప్పు.

ఇంగ్లీషులో పదునైన ఆయుధంతో చీల్చడమనే అర్థమున్న మాట నుంచి పుట్టిన 'స్లాషర్' అనే పేరు ఒక ప్రత్యేక తరహా చిత్రానికి వాడుకలో ఉంది. ముఖం దాచుకున్న హంతకుడో, ఎవరో తెలియని హంతకుడో ఒకరి తరువాత ఒకరిని చంపుకుంటూ పోవడం, చివరికి ఎవరో ఒకరు, ఎక్కువగా ఒక అమ్మాయి, అతణ్ని ఎదిరించి ప్రాణాలతో బయటపడటం దాని చట్రం. దెయ్యం సినిమాలో భయానికి మూలం కంటికి కనపడని శక్తి అయితే ఇక్కడ మూలం మనిషే. పోలీసు పరిశోధనతో కలిసి వచ్చినప్పుడు ఈ తరహాను తెలుగువాళ్లు క్రైమ్ థ్రిల్లర్ అంటున్నారు. 2022 డిసెంబరు 2న విడుదలైన 'హిట్: ది సెకండ్ కేస్' ఆ కలయికకు తెలుగులో దొరికే దగ్గరి ఉదాహరణ.

చెప్పిన కథే చెప్పడం దోషమన్న వాదం గోదావరి సీమ అలవాట్ల ముందు నిలవదు. అన్నవరంలో రత్నగిరి మీద ఏడాది పొడవునా జరిగే సత్యనారాయణ వ్రతాల్లో అవే అయిదు అధ్యాయాల కథ వినిపిస్తుంది. పీటల మీద కూర్చున్న దంపతుల్లో చాలామందికి ఆ కథ చిన్ననాటి నుంచీ తెలుసు. సాధువనే వర్తకుడు మొక్కు వాయిదా వేస్తాడనీ, కళావతి ప్రసాదం పుచ్చుకోకుండా భర్త కోసం రేవుకు పరుగెత్తుతుందనీ, నావ నీట మునుగుతుందనీ ముందే తెలుసు. తెలిసినా ఆ ఘట్టానికి వచ్చేసరికి మండపంలో మాటలు సద్దుమణుగుతాయి, ఎందుకంటే పురోహితుడు ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఒక క్షణం ఆగాలో ఎరిగినవాడు. కాకినాడ దగ్గరి మాధవపట్నం తోలుబొమ్మలాటలోనూ అంతే: రావణుడు చస్తాడని తెలియని ప్రేక్షకుడు ఉండడు గనుక, చూసేవాళ్ల కన్ను కథ మీద కంటే తెర వెనక బొమ్మను ఆడించే చేతి మీద నిలుస్తుంది. వ్రతానిది భక్తి, సినిమాది వినోదం. ఆ రెండింటినీ ఒక స్థాయిలో నిలపడం ఇక్కడి ఉద్దేశం కాదు. తెలిసిన కథ వినేటప్పుడు మనిషి చెవి చెప్పే తీరు వైపు మళ్లుతుందన్నదే ఇక్కడి మాట. రెండో భాగంలో పనితనానికి పరీక్ష తగ్గదు, పెరుగుతుంది.

శైలేష్ కొలను రాసి దర్శకత్వం వహించిన 'హిట్' వరుసలో మొదటి కేసు 2020 ఫిబ్రవరి 28న వచ్చింది. హత్యల వంటి ఘోర నేరాలను విచారించే ఒక ప్రత్యేక పోలీసు బృందం పేరులోని ఇంగ్లీషు అక్షరాల కూర్పే ఆ 'హిట్'. మొదటి దానిలో విశ్వక్ సేన్ పోషించిన విక్రమ్ రుద్రరాజు తెలంగాణలో పనిచేసే అధికారి; రెండో దానిలో అడివి శేష్ పోషించిన కృష్ణదేవ్ విశాఖపట్నం అధికారి. అంటే కథానాయకుడు మారాడు, పాత్ర మారింది, ఊరు మారింది, కథానాయిక రుహానీ శర్మ స్థానంలో మీనాక్షి చౌదరి వచ్చింది, సంగీతం కూడా వివేక్ సాగర్ చేతి నుంచి వేరే చేతుల్లోకి వెళ్లింది. కథానాయకుడే వరుసను నడుపుతాడన్న అభిప్రాయం నిజమైతే, ఇన్ని మారాక ఇది అదే వరుసలోని చిత్రమని ప్రేక్షకుడికి అనిపించకూడదు. కాని అనిపించింది. దర్శకుడితో పాటు ఛాయాగ్రాహకుడు ఎస్. మణికందన్, కూర్పరి గ్యారీ బి.హెచ్., నిర్మాతలు ప్రశాంతి తిపిర్నేని, నాని రెండు చిత్రాలకూ ఒకరే కావడం ఇందుకు మొదటి కారణం. వెలుగును ఎంత తగ్గించాలి, దృశ్యాన్ని ఎప్పుడు తెంచాలి అన్న రెండు నిర్ణయాలు ఒకే చేతుల్లో ఉన్నందువల్ల, ముఖాలు మారినా చూపు మారలేదు.

తెలుగు సమీక్షల్లో ఛాయాగ్రాహకుడికీ కూర్పరికీ దక్కే చోటు చాలా చిన్నది. ఛాయాగ్రహణం బాగుందని ఒక ముక్క, కూర్పరి ద్వితీయార్ధంలో ఇంకాస్త కత్తెర వేయాల్సిందని మరో ముక్క, నిర్మాణ విలువలు ఉన్నతంగా ఉన్నాయని మూడో ముక్క రాసి, వాటిని 'సాంకేతిక వర్గం' అనే శీర్షిక కింద చివరి పేరాలోకి నెట్టడం ఆనవాయితీ అయిపోయింది. భయానక చిత్రంలో కూర్పరి పని కత్తెర వేయడం కాదు, ఆపడం. తలుపు తెరుచుకోవాల్సిన క్షణానికి మరో అర సెకను ముందే తెరిస్తే ప్రేక్షకుడు ఉలిక్కిపడడు. అర సెకను ఆలస్యమైతే సిద్ధపడిపోతాడు. మొదటి భాగం చూసి వచ్చిన ప్రేక్షకుడు ఆ లెక్కను సగం నేర్చుకునే వస్తాడు గనుక, రెండో భాగంలో కూర్పరి పాత లెక్కను గుర్తుంచుకుని దాన్ని తప్పించాలి. ఇది అలవాటుగా చేసే పని కాదు.

'సెకండ్ కేస్'లో దొరికిన శవం ఒకే మనిషిది కాదనీ, తల మాత్రమే సంజన అనే యువతిదనీ, మిగతా భాగాలు వేర్వేరు స్త్రీలవనీ ఫోరెన్సిక్ పరీక్షలో తేలుతుంది. నేరస్థులవి కోడిబుర్రలని తేలిగ్గా మాట్లాడిన కృష్ణదేవ్ అహం అక్కడ దెబ్బతింటుంది. ఆ ఘట్టాన్ని చూడలేక కళ్లు మూసుకునేలా తీయడం తేలిక. చూస్తూనే ఆలోచించేలా తీయాలంటే మేకప్, కళ, కెమెరా, నేపథ్య సంగీతం ఒక్క మాట మీద ఉండాలి. ఈ చిత్రంలో పాటలు ఎం.ఎం. శ్రీలేఖ, సురేష్ బొబ్బిలి చేయగా నేపథ్య సంగీతం జాన్ స్టీవర్ట్ ఏడూరి చేశారు. ఇరవై నాలుగు శాఖలని పరిశ్రమ తరచు చెప్పుకునే మాటకు అర్థం ఇటువంటి చోటే తెలుస్తుంది.

నటుల ఎంపిక కూడా పనితనమే. హంతకుడి పాత్రకు సుహాస్‌ను తీసుకోవడం ఈ చిత్రంలో జరిగిన గొప్ప నిర్ణయం. జాతీయ పురస్కారం పొందిన 'కలర్ ఫొటో' (2020) తో ప్రేక్షకుల జాలినీ ఆప్యాయతనూ సంపాదించుకున్న నటుడతడు. 'ఫ్యామిలీ డ్రామా' (2021) లో క్రూరత్వపు ఛాయ అప్పటికే చూపినా, జనం మనసులో నిలిచింది ఆ మెతక మనిషే. అందుకే 'సెకండ్ కేస్' చివర ముసుగు తొలగినప్పుడు కలిగే భయం ఆ ముఖం కొత్తది కావడం వల్ల కాక, ఇష్టపడిన ముఖం కావడం వల్ల కలుగుతుంది. ముసుగు వెనక ఎవరున్నా ఒకటేనన్న వాదానికి ఇంతకంటే గట్టి జవాబు అక్కరలేదు.

స్లాషర్‌కు పుట్టిల్లయిన అమెరికాలోనూ చరిత్ర ఇదే చెబుతోంది. జాన్ కార్పెంటర్ 1978లో తీసిన 'హాలోవీన్' లో హంతకుడి ముసుగు ఒక దుకాణంలో దొరికిన మామూలు రబ్బరు ముసుగు. 'స్టార్ ట్రెక్' లోని కెప్టెన్ కిర్క్ ముఖపు పోలికతో తయారైన దానికి టామీ లీ వాలెస్ తెల్లరంగు పూసి, కంటి రంధ్రాలు పెద్దవి చేశాడు. దాన్ని తొడుక్కుని నడిచిన నిక్ కాజిల్ పేరు పాత్రల పట్టికలో 'ఆకారం' అనే పాత్ర ఎదుట కనిపిస్తుంది. మూడేళ్ల తరువాత రిక్ రోజెంతాల్ దర్శకత్వంలో వచ్చిన 'హాలోవీన్ 2' కథ మొదటి చిత్రం ముగిసిన ఆ రాత్రే మొదలవుతుంది. కథలో ఎడం లేదు, చిత్రీకరణలో మూడేళ్ల ఎడం ఉంది. ఆ మూడేళ్లను తెర మీద కనపడకుండా చెరిపేసే భారం తారాగణం మీదా సాంకేతికుల మీదా పడింది. జుట్టు కత్తిరించుకున్న జేమీ లీ కర్టిస్ విగ్గు పెట్టుకుంది. ఛాయాగ్రాహకుడు డీన్ కండీ పాత చీకటినే మళ్లీ పట్టి తెచ్చాడు. ముసుగు అదే అయినా రబ్బరు పాతబడి, రంగు మాసింది, పైగా ఈసారి దాన్ని తొడిగింది స్టంట్ నటుడు డిక్ వార్లాక్. మనిషి కొలతలు మారేసరికి అదే ముసుగు వేరేగా కనిపించింది, నడక వేరేగా కనిపించింది. ఆ తేడాను అభిమానులు నేటికీ గుర్తుపడతారు. ముసుగే హంతకుడైతే ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

1981లోనే వచ్చిన 'ఫ్రైడే ది థర్టీన్త్' రెండో భాగం మరో పాఠం. మొదటి భాగంలో గాయాల మేకప్‌తో పేరు తెచ్చుకున్న టామ్ సవినీ దీనిలో లేడు, ఆ పని కార్ల్ ఫులర్టన్ చేశాడు. మొదటి దానికి నిర్మాణంలో పనిచేసిన స్టీవ్ మైనర్ దర్శకుడయ్యాడు. హాకీ ముసుగు ఇంకా రాలేదు, అది మూడో భాగంలోది. ఇక్కడ హంతకుడు జేసన్ తలకు ఒంటి కన్ను గుడ్డసంచి. ఆ పాత్రకు పేరు దక్కింది వారింగ్టన్ జిల్లెట్‌కు, ముసుగుతో ఉన్న సన్నివేశాల్లో ఎక్కువ భాగం ఒళ్లు హూనం చేసుకున్నది స్టీవ్ డాస్కెవిస్. రెండు చిత్రాలనూ కలిపి కుట్టింది హ్యారీ మాన్‌ఫ్రెడీనీ సంగీతం: హంతకుడు దగ్గర్లో ఉన్నప్పుడు వినిపించే 'కి కి కి, మ మ మ' గుసగుసను అతడే మైకులో పలికి చేశాడు. మొదటి భాగంలో హంతకురాలైన తల్లి మనసులో కొడుకు జేసన్ గొంతుగా పుట్టిన ఆ శబ్దం, కొడుకే హంతకుడైన రెండో భాగంలోనూ కొనసాగింది. హంతకుడు మారాడు, శబ్దం మారలేదు.

ఈ తరహా మీద వచ్చే అభ్యంతరాల్లో ఒకటి మాత్రం న్యాయమైనది. 'సెకండ్ కేస్' లో చచ్చేవాళ్లు స్త్రీలు. వాళ్ల దేహాలు నేరపు పజిల్‌లో ముక్కలుగా మారాయి, వాళ్ల బతుకులకు కథలో దక్కిన చోటు తక్కువ. పనితనం ఎంత గొప్పదైనా ఈ లోపాన్ని కప్పదు, కప్పకూడదు. అయితే అది కథ రాసినప్పుడు జరిగిన లోపం. దాన్ని సాకుగా తీసుకుని రెండో భాగాలన్నీ చౌకబారువని తీర్పు చెప్పడం, తప్పు చేసినవాళ్లనూ చేయనివాళ్లనూ ఒకే గాటన కట్టడమే అవుతుంది.

గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన వంశీ 1985లో తీసిన 'అన్వేషణ' ను ఈ సందర్భంలో తలచుకోక తప్పదు. పులి చంపుతోందని అంతా నమ్మిన అడవి హత్యల కథ అది. పక్షుల కూతల్లో స్వరాలను వెతుక్కుంటూ వచ్చిన అమ్మాయిగా భానుప్రియ నటించింది. ఇళయరాజా పాటలను తెలుగువాళ్లు నలభై ఏళ్లుగా పాడుకుంటున్నారు, మంచిదే. ఆ అడవిని భయపెట్టేలా పట్టి చూపిన ఛాయాగ్రాహకుడు ఎం.వి. రఘు పేరు మాత్రం అదే చిత్రాన్ని ప్రేమించేవాళ్లలో ఎందరికో తెలియదు. ఈ మరపు అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగుతోంది.

'హిట్' మూడో కేసు 2025 మే 1న వచ్చింది. రెండో కేసు చివర కనిపించి వెళ్లిన నాని దీనిలో కథానాయకుడు కావడంతో చర్చ అంతా అతని చుట్టూనే తిరిగింది. ఛాయాగ్రహణం సాను జాన్ వర్గీస్ చేతికీ, కూర్పు కార్తీక శ్రీనివాస్ చేతికీ వెళ్లాయి. కథానాయకులు ప్రతి కేసుకూ మారుతూనే వచ్చారు. కెమెరా, కూర్పు రెండూ చేతులు మారింది మాత్రం ఈ మూడో కేసులోనే.