బోర్డు కంటే ముందు బ్యాచ్

జూన్ దగ్గరపడితే చాలు, కరెంటు స్తంభాలన్నీ ర్యాంకుల ఫ్లెక్సీలతో నిండిపోతాయి. ప్రైవేటు కాలేజీలో నెలజీతానికి లెక్కలు చెప్పే మాస్టారు వాటిని చూసి, 'మనమే ఓ సెంటరు పెట్టుకుంటే?' అనుకోవడం సహజం. తప్పేం లేదు. నారాయణ సంస్థలు 1979లో నెల్లూరులో మొదలైంది చిన్న లెక్కల కోచింగ్‌గానే. హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య దగ్గర ఐఐటీ కోచింగ్‌కి పిల్లలు ప్రవేశపరీక్ష రాసి మరీ చేరేవారు. వాళ్లు వచ్చింది భవంతి చూసి కాదు, పాఠం కోసం.

చిక్కల్లా, చాలామంది భవంతితోనే మొదలుపెడతారు. మెయిన్‌రోడ్డు మీద పోర్షను, కొన్ని నెలల అడ్వాన్సు, ఏసీ, రిసెప్షన్ బల్ల... ఇంట్లో బంగారం తాకట్టుకు వెళ్లేది ఇక్కడే.

ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు గది తీసుకున్నారనుకుందాం. ఇరుక్కుని కూర్చుంటే అరవై మంది పడతారని లెక్కేసి అద్దెకు ఒప్పుకుంటారు. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒక్కో విద్యార్థికి కనీసం ఒక చదరపు మీటరు చోటుండాలి. ఆ గది మొత్తం కలిపి 28 చదరపు మీటర్లకు మించదు. మాస్టారు నిలబడే చోటు తీసేస్తే పాతికమందే! అరవై ఫీజుల లెక్క అక్కడే తలకిందులవుతుంది.

50 మంది దాటిన సెంటర్లకు ఉద్దేశించినవి అవి. పదో తరగతి పరీక్షలు రాయని పిల్లల్ని, 16 ఏళ్లు నిండనివారిని చేర్చుకోకూడదనీ, పాఠం చెప్పేవారికి కనీసం డిగ్రీ ఉండాలనీ, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు పదిరోజుల్లో తిరిగివ్వాలనీ వాటిలో ఉంది. అమలు రాష్ట్రాల చేతిలో ఉంటుంది కాబట్టి, అడ్వాన్సు ఇచ్చేముందే జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో కనుక్కోవడం మేలు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ కూడా ఉంటుంది, 18 శాతం. తొలి ఏడాదే అంత బెంగ అక్కర్లేదనుకోండి!

ఇంటర్ ఫలితాలు వచ్చాక సప్లిమెంటరీ రాసే పిల్లలతో ఒక్క నెల బ్యాచ్ నడిపి చూడటం అన్నిటికంటే చవకైన పరీక్ష. ఒకటే సబ్జెక్టు, పది పన్నెండు మంది, ఉదయం రెండు గంటలు. ఇంటి వరండా చాలు. ఉద్యోగం చేస్తున్న కాలేజీ బయటి ట్యూషన్లకు ఒప్పుకుంటుందో లేదో మాత్రం ముందే తెలుసుకోవాలి. నెల తర్వాత ఆ పిల్లల అమ్మలు పక్కింటివాళ్లకు చెబుతున్నారా లేదా అన్నది ఏ కరపత్రం కంటే నమ్మకమైన లెక్క.

మొదటి ఏడాది ఫ్లెక్సీకి ర్యాంకులుండవు. అలాగని ఎవరి పిల్లల ఫొటోలో తెచ్చి వేయకూడదు. ఎంపికైన తర్వాత అభ్యర్థి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఫొటో వాడాలని 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నిబంధన పెట్టింది.

ఇంకోమాట. మార్చిలో పరీక్షలైపోతే ఫీజులు ఆగిపోతాయి, అద్దె ఆగదు. ఏప్రిల్, మే నెలల ఇంటిఖర్చూ, గది అద్దే విడిగా బ్యాంకులో పడ్డాకే రాజీనామా సంగతి ఆలోచించాలి.